సామర్లకోటలో కారు పందెం!

సామర్లకోట అనగానే చాలామందికి గుర్తొచ్చేది రైలు జంక్షను. మెయిన్ లైను బండి దిగడం, కాకినాడ బ్రాంచి బండి కోసం ప్లాట్‌ఫారం మారడం, మధ్యలో ఓ టీ... ఊరంటే ఇంతే అనుకుంటారు. ఒక్కసారి ఊళ్ళోకి నడిచి చూడండి! పంచారామాల్లో ఒకటైన కుమారారామం ఇక్కడే ఉంది. చాళుక్య భీముడి కాలం నాటి గుడి. భీమేశ్వరుడి లింగం దాదాపు 14 అడుగులు. కింది అంతస్తులో బయలుదేరి పై అంతస్తులోకి వెళ్తుంది. అభిషేకం చూడాలంటే మెట్లెక్కి మేడ మీదికి పోవాల్సిందే. పక్కనే పెద్దాపురం, అంజలీదేవి గారు పుట్టిన ఊరు. సినిమా పత్రికలో ఇది రాయకపోతే మీరు ఊరుకుంటారా!

అయితే నేను చెప్పబోయేది కారు పందెం సంగతి. అదీ వీడియో గేములో పందెం!

గుడి నుంచి స్టేషనుకు తిరిగొస్తూ జిరాక్సు కాయితాల కోసం ఓ చిన్న షాపులోకి వెళ్ళాను. లోపల ఓ మూల పాత కంప్యూటరు. దాని ముందు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, చేతిలో రిమోటు లాంటి సాధనం. షాపంతా కారు గోల! తెర మీద నారింజ రంగు అంచుల రోడ్డు. అది మన దేశపు రోడ్డే. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో కట్టిన బుద్ధ్ సర్క్యూట్, 5.125 కిలోమీటర్లు.

''ఏం ఆట బాబూ?''

''ఎఫ్-వన్ 2011 అండీ. పాతదేనండీ.''

ఇంగ్లండులోని కోడ్‌మాస్టర్స్ కంపెనీ 2011 సెప్టెంబరులో విడుదల చేసిన ఆట అది. తమాషా ఏమిటంటే, అసలు ట్రాకుకు ప్రారంభోత్సవం జరిగింది అక్టోబరు 18న. తొలి పందెం అక్టోబరు 30న. అంటే నిజమైన డ్రైవర్ల కంటే ముందే ఆటగాళ్ళు ఆ మలుపులు తిరిగేశారన్నమాట! సినిమా కంటే ముందు పాటలు రిలీజయినట్టు!

విమర్శకుల సంగతి చూద్దాం. అంతకు ముందు ఏడాది వచ్చిన ఎఫ్-వన్ 2010కి బ్రిటిషు బాఫ్టా బహుమతి వచ్చింది, క్రీడల విభాగంలో. వాన కురిసి వెలిశాక ట్రాకు ఓ గీతలా ఆరుతూ రావడం చూసి అందరూ ముచ్చటపడ్డారు. చీవాట్లూ పడ్డాయి. టైర్లు మార్చుకోవడానికి ఆగితే, పక్కనుంచి కార్లన్నీ పోయేదాకా మన కారును కదలనివ్వదు! 2011 ఆటలో చాలా సరిదిద్దారు. అపాయం జరిగితే అందరి ముందూ నడిచే సేఫ్టీ కారును పెట్టారు. ఇద్దరు స్నేహితులు ఒకే టీములో చేరి సీజనంతా ఆడే వీలు కల్పించారు. మెచ్చుకోళ్ళు దండిగానే వచ్చాయి. ఒక్క లోటు... గెలిచినవాడు పోడియం ఎక్కి కప్పు ఎత్తే దృశ్యం లేదు. శుభం కార్డు లేని సినిమా!

మన సామర్లకోట విమర్శకుడికి ఇవేవీ పట్టవు. 24 కార్లుంటే అతను ఎంచుకున్నది అన్నిటికన్నా నెమ్మది కార్లలో ఒకటి, హెచ్చార్టీ టీముది.

''అదేం బాబూ, వెట్టెల్ కారు తీసుకోకూడదూ?''

''ఆయ్, దాంతో ఎవడైనా గెలుస్తాడండీ. మనోడు ఇందులో ఉన్నాడండీ!''

మనోడంటే నారాయణ్ కార్తికేయన్. కోయంబత్తూరు మనిషి, 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. 2011లో మధ్యలో అతన్ని పక్కన పెట్టి, మన దేశంలో పందెం నాటికి మళ్ళీ కూర్చోబెట్టారు. వచ్చిన స్థానం 17. తన టీములోని రెండో కారు కంటే ముందే! ఈ కుర్రాడి లెక్కలో ఆటకు మార్కులు వేయాల్సింది అక్కడ. నెమ్మది కారును నెమ్మదిగానే ఉంచారు, హీరోను చేసేయలేదు. మలుపులో కారు జారితే కుర్రాడు తనే ఒరిగిపోతున్నాడు!

ఆటవాళ్ళు ఊహించనిది ఒకటుంది లెండి. 2011 శుక్రవారం ప్రాక్టీసు రోజున అసలు ట్రాకు మీదికి ఓ కుక్క వచ్చింది. పందెపు కార్లు ఆగాల్సొచ్చింది! అదొక్కటీ పెట్టుంటే ఇది మన దేశమేనని కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఆ పందెం మూడేళ్ళే జరిగింది. 2011, 2012, 2013... మూడూ వెట్టెలే గెలిచాడు. తర్వాత ఆగిపోయింది. డబ్బు చిక్కులు, పైగా పన్ను తగాదా. ఇది క్రీడ కాదు, వినోదం అని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వినోదపు పన్ను అడిగింది. వినోదపు పన్ను దెబ్బేమిటో సినిమా హాలు యజమానులను అడగండి, చెబుతారు! 2023లో అక్కడ మోటారుసైకిళ్ళ పందెం ఒకటి జరిగింది గాని, ఫార్ములా వన్ తిరిగి రాలేదు. 2014 నుంచి వచ్చిన ఆటల్లో ఆ ట్రాకూ లేదు.

హైదరాబాదుదీ దాదాపు అదే కథ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం జరిగింది. వెర్న్ గెలిచాడు. రామ్‌చరణ్ ఆనంద్ మహీంద్రా గారికి 'నాటు నాటు' స్టెప్పులు నేర్పింది ఆ రోజే. మరుసటి ఏడు పందెం రద్దయింది.

''ఈ కంప్యూటరు పాడైతే ఎలాగోయ్?'' అన్నాను.

షాపు యజమాని నవ్వాడు. ''ఇప్పటికి రెండుసార్లు పాడైందండీ. అమ్మేద్దామంటే ఈడు ఒప్పుకోడు. ఫోనులో కొత్త ఆటలు బోలెడున్నాయిరా అంటే, వాటిల్లో మన రోడ్డు లేదంటాడు.''

కుర్రాడికి మా మాటలు వినబడ్డం లేదు. ఆఖరి రౌండు. ముందు ఒక కారు, వెనక రెండు. తిన్నని రోడ్డు మీద వెనకవాడు దూసుకొచ్చాడు. కుర్రాడు లోపలివైపు అంచు పట్టుకుని అడ్డం నిలిచాడు. ముందువాడు బ్రేకు ఆలస్యంగా వేసి ఇసకలోకి పోయాడు. గీత దాటాక తెర మీద పేర్ల పట్టీ వచ్చింది. కుర్రాడు కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు.

''పదహారండీ! పదిహేడు కాదు, పదహారు!''