అడ్డొచ్చిన ఇనీషియల్

గుడియాత్తంలో తెలుగు మాట్లాడే మా ఇళ్లలో పెళ్లి పత్రిక మీద ఇంటిపేరు ఉంటుంది, బడి రికార్డులో ఉండదు. తమిళనాడు పద్ధతిలో నాన్న పేరులోని మొదటి అక్షరం వచ్చి మన పేరు ముందు కూర్చుంటుంది. నా ఆధార్‌లోనూ అంతే. పాన్ కార్డుకు పొడి అక్షరాలు పనికిరావు కాబట్టి అక్కడ నాన్న పేరు మొత్తం పడింది. బిట్‌కాయిన్ కొందామని తెరిచిన క్రిప్టో యాప్‌కు ఈ రెండు కార్డుల వాళ్లూ ఇద్దరు వేర్వేరు మనుషులు. సెల్ఫీ తీసుకున్నా, తల అటూ ఇటూ తిప్పినా, పేరు సరిపోలలేదనే జవాబే వచ్చేది.

లుంగీల వ్యాపారంలో ఉన్నవాణ్ణి, సరుకు చూసి డబ్బు చేతిలో పెట్టడమే అలవాటు. పైగా టొరంటోలో చదువుకునే మేనల్లుడు ఊరించాడు: "ఇక్కడ కిరాణా కొట్లోనే బిట్‌కాయిన్ మిషన్ ఉంటుంది మామా, నోట్లు పెట్టి ఫోన్ చూపిస్తే చాలు." ఆ మిషన్ కమీషన్ ఎంత పట్టుకుంటుందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. చాలాచోట్ల నూటికి పది పైమాటే. వెయ్యి డాలర్ల దగ్గర్నుంచి మనిషెవరో చూసి తీరాలని కెనడా నిబంధన ఉన్నట్టు కూడా తర్వాతే తెలిసింది. అసలు 2013 అక్టోబరులో వాంకూవర్ కాఫీ షాపులో పెట్టిన తొలి బిట్‌కాయిన్ మిషనే అరచేయి స్కాన్ చేసి గానీ పని మొదలుపెట్టేది కాదట.

మనకు దగ్గరలో ఇలాంటి మిషన్ వచ్చింది బెంగళూరులో. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో కంపెనీలకు సేవలు ఆపమని బ్యాంకులను ఆదేశించింది. దాంతో ఆ అక్టోబరులో యునోకాయిన్ అనే క్రిప్టో సంస్థ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మాల్‌లో నగదు మిషన్ పెట్టింది. కొద్ది రోజులకే పోలీసులు దాన్ని పట్టుకుపోయి, సంస్థ వ్యవస్థాపకులను అరెస్టు చేశారు. నమోదైన ఖాతాదారు ఓటీపీ కొడితేనే అది డబ్బు తీసుకునేది. పేరు అడిగే మిషన్ పోయింది, పేరు అడగని బేరాలు మిగిలాయని అప్పట్లో వెటకారం చేశాను. 2020 మార్చిలో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు ఆంక్షను కొట్టేసింది. 2023 మార్చిలో క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికొచ్చి, తనిఖీలు బిగిశాయి.

నేను వెటకారం చేసిన ఆ బేరాల్లోకే వెళ్లాను. టెలిగ్రామ్ గుంపులో ఒకాయన దగ్గర కాస్త బిట్‌కాయిన్ కొన్నాను. కార్డు అడగలేదు, సెల్ఫీ అడగలేదు, ప్రాణం హాయిగా ఉంది. రేటు పెరిగాక అదే గుంపులో మరొకరికి అమ్మాను. డబ్బు నిమిషాల్లో నా ఖాతాలో పడింది. పంపినవారి పేరు మాత్రం వేరే. అడిగితే "మా అన్న ఖాతా సార్" అన్నాడు. సరే అనుకున్నాను. ఒక శాతం టీడీఎస్ మిగిలిందన్న సంబరం కూడా ఉంది, దాచడమెందుకు. పేరు సరిపోలలేదని యాప్ నన్ను ఆపితే నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణి, పేరు సరిపోలని డబ్బును మాత్రం ఆపలేదు.

ఒక శనివారం మగ్గాల వాళ్లకు కూలి పంపబోతే యూపీఐ కదల్లేదు. వేలూరు బ్రాంచికి పరిగెత్తాను. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. ఆయన డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పాకిందో బ్యాంకులు వరసగా పట్టుకుంటూ వచ్చాయి. ఆ వరసలో నాదొకటి. అమ్మింది ఎవరికో చెప్పమని అక్కడి పోలీసులు ఈమెయిల్‌లో అడిగారు. నా దగ్గర ఒక టెలిగ్రామ్ పేరుంది, ఆ పేరు గలవాడు అప్పటికే మాయం. ఆ వారం కూలి బావమరిది దగ్గర చేబదులు తెచ్చి ఇచ్చాను. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాక ఖాతా తెరిచారు, వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రం ఆపి ఉంచారు.

ఆ మోసపోయిన మనిషి వయసెంతో నాకు తెలియదు. అమెరికాలో మాత్రం బిట్‌కాయిన్ మిషన్ల మోసాలకు ఎక్కువగా చిక్కుతున్నది అరవై దాటినవాళ్లే. 2023లో ఒక్క ఏడాదే 11 కోట్ల డాలర్లకు పైగా పోయినట్టు ఫిర్యాదులున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క. ఎవరో ఫోన్లో బెదిరిస్తూ మిషన్ దాకా నడిపిస్తుంటే, గుర్తింపు కోసం ఆగే ఆ రెండు నిమిషాల్లో అయినా మనిషికి అనుమానం రావచ్చు. వేలూరు గాంధీ రోడ్డు లాడ్జీల దగ్గర డాలర్లు మార్చేవాళ్లు పాస్‌పోర్టు నకలు అడిగితే నేనెప్పుడూ తప్పుపట్టలేదు మరి.

అయినా ఎక్స్ఛేంజీల వాళ్లను నేను పూర్తిగా వదలను. ఇనీషియల్ తమిళనాడులో మామూలుగా ఉండే సంగతే కదా. ఆధార్‌లోని ఒక అక్షరం, పాన్‌లోని నాన్న పేరు ఒకటేనని పోల్చుకోలేని యాప్‌ను జనం మీదికి వదిలి, నాలాంటివాడు పక్కదారి పట్టాడంటే ఎలా? నా తప్పు నాదే. ఆ అక్షరాన్ని చదవడం నేర్పాల్సింది మాత్రం వాళ్లే.