ఇంగ్లీషుకు ఇంకో లిపి కావాలా?

భోగాపురం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడినప్పుడు చుట్టూ ఉన్న బోర్డులు చదివి చూడండి. టిఫిన్స్, జెరాక్స్, మొబైల్ రిపేరింగ్. విమానాశ్రయం మాట పుట్టాక రియల్ ఎస్టేట్ బోర్డులకైతే లెక్కేలేదు. మాటలన్నీ ఇంగ్లీషువే, అక్షరాలు మాత్రం మనవి. ఎలా పలుకుతామో అలాగే రాసి ఉన్నాయి. సరిగ్గా ఇలాంటి పని కోసమే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు రెండువందల యాభై ఏళ్ళకు పైగా తంటాలు పడుతున్నారు.

వాళ్ళ బాధ చిన్నదేం కాదు. ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాలు చూడండి. ఒక మాటలో దో, ఒక మాటలో త్రూ, ఇంకోదాంట్లో కాఫ్, మరోదాంట్లో బౌ! అచ్చుయంత్రం వచ్చి రాత గట్టిపడిపోయింది, నాలుక మాత్రం ఆగలేదు. నైఫ్ ముందున్న కే ఒకప్పుడు నిజంగా పలికేదే.

ఈ చిక్కు తీర్చాలని 1768లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొత్త అక్షరాలు కొన్ని కల్పించాడు. బెర్నార్డ్ షా 1950లో పోతూ పోతూ కనీసం నలభై అక్షరాల కొత్త లిపి కోసం వీలునామాలో డబ్బు కేటాయించాడు. పోటీ పెట్టారు, లిపి తయారైంది, 1962లో ఆయన నాటకం ఒకటి అందులో అచ్చయింది. అంతే, మరి ముందుకు సాగలేదు. పిట్‌మన్ షార్ట్‌హాండ్ గుర్తుందా? ఆ పిట్‌మన్ మనవడు జేమ్స్ 1960ల్లో బ్రిటన్ బడిపిల్లల కోసం 44 అక్షరాలు సిద్ధం చేశాడు. పిల్లలు వాటితో బేగి చదవడం నేర్చారు గానీ, మామూలు రాతకు మారేటప్పుడు చాలామంది తడబడ్డారు.

నాకు మాత్రం మన జిల్లాల మనిషే గుర్తొస్తాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు. ఆయన ముందు చెవిని నమ్మారు, అక్షరం సంగతి తరవాత. గొంతులో టక్కున ఆగిపోయే సవర ధ్వనికి తెలుగులో అక్షరం ఏదీ? 1931లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన సవర వ్యాకరణం అట్టమీద సోరా (అంటే సవర) అన్న మాటలోనే అచ్చుల పక్కన రెండేసి చుక్కలు కనిపిస్తాయి, దీర్ఘం తెలియడానికి. అంత శ్రద్ధ! 1936లో సవరల్లోంచే మంగేయి గొమాంగో తమ భాషకు సొంత లిపి, సొరాంగ్ సొంపెంగ్, తయారుచేశాడు. దాని వెనక వాళ్ళ దేవుడున్నాడు, భక్తులున్నారు. షా లిపి వెనక డబ్బొక్కటే ఉంది.

ఉచ్చారణ ప్రకారం రాద్దామంటే ఎవరి ఉచ్చారణ? లండన్‌వాడు కార్ చివర రకారం మింగేస్తాడు, అమెరికావాడు తిప్పి పలుకుతాడు. గిడుగువారు వాడుకభాష రాద్దామన్నప్పుడూ ఏ జిల్లా భాష అంటూ పండితులు ఇదే అడ్డుప్రశ్న వేశారు. తెలుగులో వాడుకభాష దాన్ని దాటింది. ఇంగ్లీషుకు కొత్త లిపి మాత్రం దాటలేదు, ఎందుకంటే దేశదేశాల్లో నోళ్ళు వేరైనా ఆ పాత స్పెల్లింగే అందరినీ కలిపి ఉంచుతోంది. అందుకే దాన్ని పడగొట్టాలని నేను అనను.

కానీ మెట్లెక్కేటప్పుడు చేతికర్ర పట్టుకున్నట్టు, ఇంగ్లీషు నేర్చేటప్పుడు తెలుగు అక్షరం పట్టుకుంటే తప్పేటండీ? మన లిపి ఇంగ్లీషుకు పూర్తిగా సరిపోదు, నిజమే. వైన్ అని రాస్తే ద్రాక్షతీగో, ద్రాక్షసారాయో తెలీదు, ఆ రెండు వకారాలకూ మనకున్నది ఒక్క వ. జూ అన్నప్పటి జకారం బొత్తిగా లేదు. అయినా మొదటిసారి మాట విన్న పిల్ల ఆ శబ్దాన్ని పట్టుకోవడానికి అది చాలు. ఇంగ్లీషు మాట కింద తెలుగులో ఉచ్చారణ రాసుకుంటే తప్పుచేసినట్టు కోప్పడే బళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, అది నాకు కష్టంగా ఉంటుంది. మీ మనవరాలు నోటుబుక్కు తెచ్చి, ‘ఇదేటి తాతా, ఈ కే పలకదేం?’ అని అడిగితే, ఒకప్పుడు పలికేవారమ్మా అని చెప్పండి. దాని కింద నైఫ్ అని తెలుగులో రాసుకుని ఉంటే మాత్రం కొట్టెయ్యనివ్వకండి.