జ్వాలాపురం బూడిద గుంత దగ్గర



వేదాంత కళాశాలలో నాతో చదివినవాళ్ళం రెండేళ్ళకొకసారి కలుస్తుంటాం. ఒక పూట ఆరాధన, ఒక బిర్యానీ, ఒక గ్రూపు ఫోటో, అంతే. ఈసారి వంతు నంద్యాలకు వచ్చింది. అమెరికాలో సంఘకాపరిగా ఉన్న మిత్రుడు ఫోనులో ఒక మాట చెప్పాడు. అక్కడి విశ్వవిద్యాలయాలు పాత విద్యార్థులను దేశాలు తిప్పుతాయి, కూడా ఒక ప్రొఫెసరును పంపుతాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 1968 నుంచే ఈ పని చేస్తున్నారు. పగలు చూస్తారు, సాయంత్రం పాఠం వింటారు. పాత విద్యార్థి కళాశాలను మరువకుండా ఉంటే రేపు చందా ఇస్తాడనే లెక్క కూడా అందులో ఉంటుంది, దాచడమెందుకు. అయినా ఆలోచన మాకు నచ్చింది.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు పెద్ద పరివారాన్నే వెంటబెట్టుకొని మన అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్ళారు. దారి పొడవునా ఊళ్ళు, వాగులు, ధరలు రాసుకున్నారు. ఆ దినచర్యే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఇక టిక్కెట్టు పెట్టి గుంపును తీసుకుపోయే పద్ధతికి పేరుపొందిన థామస్ కుక్ బాప్తిస్టు బోధకుడు. 1841 జూలై 5న సుమారు 500 మందిని తలా ఒక షిల్లింగుకు లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకుపోయాడు, అదీ మద్యపాన వ్యతిరేక సభకు. 1869లో పరిశుద్ధ దేశానికి దారి తీశాడు. ఇప్పుడు మన గోడల మీద కనబడే యెరూషలేము యాత్రల పోస్టర్లకు ఆయన ముత్తాత లాంటివాడు.

మేము యెరూషలేము పోలేదు. విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి రిటైరైన ఒక సారును బతిమాలుకొని, తలా 1,500 రూపాయలు వేసుకొని, నంద్యాలలో బస్సు మాట్లాడుకున్నాం. అందులో మా సంఘం నుంచి ఇద్దరికి చోటు అడిగాను. ఒకడు డిగ్రీ చదువుతున్న పిల్లోడు. ఇంకొకరు డెబ్బై దాటిన ఒక అవ్వ. ఆమె పుట్టిల్లు జ్వాలాపురం దగ్గర పల్లె, చూసి చాలా ఏండ్లయింది. మా మిత్రుల్లో ఒకాయన, చదువుకున్నవాళ్ళ యాత్రలో ఆమెకేం పని అన్నాడు. సీటు డబ్బులు నేనిస్తున్నాను కాబట్టి మాట అక్కడితో ఆగింది.

బేలం గుహల గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది చూసే ఉంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వాటి గురించి రాశాడు. దాదాపు వందేళ్ళ తర్వాత జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు లోపల పాకుతూ కొలిచారు. మొత్తం 3,229 మీటర్లు. లోపల ఉక్క, చెమట, సెల్ఫీలు. సారు గొంతు ఎవరికీ సరిగా వినబడలేదు.

జ్వాలాపురంలో మాత్రం వినబడింది. బనగానపల్లె దాటాక జుర్రేరు లోయ. పైకి చూస్తే చేను, తుమ్మ చెట్లు, తవ్వి వదిలేసిన గుంతలు. గుంత గోడలో ఎర్రమట్టి మధ్య తెల్లటి పట్టీ. సారు దాన్ని వేలితో గీకి మా అరచేతుల్లో వేశాడు. పిండిలాగా ఉంది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏండ్ల క్రితం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాలియా మొదలైనవాళ్ళు ఇక్కడ తవ్వి, బూడిద కిందా రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లు చూశారు. 2007లో సైన్స్ పత్రికలో రాశారు. అంటే అంత విపత్తు తర్వాత కూడా ఈ లోయలో మనుషులు రాళ్ళు చెక్కుకుంటూ బతికే ఉన్నారని వాళ్ళ వాదన. ఆ చెక్కినవాళ్ళు మనలాంటి మనుషులేనా, అంతకు ముందటివాళ్ళా అన్నది ఇంకా పండితుల మధ్య తగాదాలోనే ఉంది. సారు ఆ తగాదాను కూడా దాచకుండా చెప్పాడు. అది నాకు నచ్చింది.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది. "ఈ బూడిద మేము తవ్వితిమి సారూ. సామాన్లు తోమే పొడికి కొంటాండ్రి. తట్టలతో మోసి లారీకి ఎత్తితిమి."

సారు పుస్తకం మూసి ఆమె వైపు తిరిగాడు. "అడుగున ఎట్లుండేదమ్మా?"

"అడుగుది తెల్లగా శుద్ధంగా ఉంటాండె. పైది మన్ను కలిసినది. మేస్త్రి అడుగుదే కావాలనేటోడు. గాలి లేస్తే కండ్లు మూసుకొని నిలబడితిమి. రాత్రంతా దగ్గు."

సారు మా వైపు తిరిగి వివరించాడు. ఆకాశం నుంచి నేరుగా పడిన బూడిద అడుగున శుభ్రంగా ఉంటుంది. తర్వాత వానలకు గుట్టల మీది నుంచి కొట్టుకొచ్చినది మట్టితో కలిసి పైన పేరుకుంటుంది. కొన్నిచోట్ల అంతా కలిపి రెండు మీటర్లకు పైనే. అవ్వ తట్టతో నేర్చుకున్నదీ, శాస్త్రజ్ఞులు పరికరాలతో చూసినదీ ఒకటే అన్నాడు. ఆమెకేం పని అన్న మిత్రుడు ఆమెకు తన నీళ్ళ సీసా ఇచ్చాడు. కాసేపు దగ్గు గురించి, కూలి గురించి అడుగుతూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో మా పిల్లోడు అడిగాడు, అందరూ వినేటట్టే. "అయ్యగారూ, 74 వేల ఏండ్లు అంటున్నారే, మరి ఆదికాండము?"

బస్సు నిశ్శబ్దమైంది. ముందు సీటు మిత్రుడు నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు, ఇక్కడొద్దు అన్నట్టు. వాడు రేపు సివిల్స్ పరీక్షకు కూర్చునేవాడు. చర్చిలో ఒక లెక్క, పరీక్షలో ఒక లెక్క రాయమని చెప్పి పంపితే రెండు చోట్లా దొంగగానే బతుకుతాడు. అలా సంఘం విడిచిపోయిన పిల్లలను నేను చూశాను. అందుకే చెప్పాను: పూర్వం ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో సృష్టికి క్రీస్తుపూర్వం 4004 అని అచ్చువేసేవాళ్ళు. ఆ సంఖ్య అషర్ అనే ఐర్లాండు బిషప్పు 17వ శతాబ్దంలో కట్టిన లెక్క, లేఖనంలో లేదు. ఆదికాండము మొదటి అధ్యాయం ఎవరు చేశాడో చెబుతుంది, ఎన్నేండ్లయిందో చెప్పదు. ఏండ్లు లెక్కగట్టేవాళ్ళ పని వాళ్ళను చేయనిద్దాం.

అందరూ ఒప్పుకోలేదు. ఆళ్ళగడ్డ వచ్చేదాకా వాదన నడిచింది, గొంతులు కొంచెం లేచాయి కూడా. అక్కడ శిల్పుల షెడ్ల ముందు దిగి టీ తాగాం. ఉలి చప్పుళ్ళ మధ్య సారు, అవ్వ ఒకే బల్ల మీద కూర్చున్నారు. మా పిల్లోడు ఇద్దరి మధ్యకు జరిగి, ఆమె చెప్పేది ఫోనులో రికార్డు చేయవచ్చా అని అడిగాడు. "చేస్కో నాయనా, కానీ ఫస్టు నువ్వు టీ తాగు, సల్లారిపోతాంది" అందామె.

రెండేళ్ళ తర్వాత బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు పోదామంటున్నారు. బండల గనుల్లో పనిచేసిన పెద్దవాళ్ళెవరైనా ఆ వైపు సంఘాల్లో ఉంటే నాకు చెప్పండి. సీటు ఉంచుతాం.