బొమ్మరైలు ఎందుకు కదలలేదు?

పిల్లలూ! రైలింజను చక్రాలకు రబ్బరు టైర్లుంటాయంటే మీరు నమ్ముతారా? "ఇనుప పట్టాల మీద నడిచేవి ఉక్కు చక్రాలే కదా, మాస్టారూ!" అంటారు. మనం ఎక్కి తిరిగే రైళ్ల సంగతిలో మీ మాట నిజమే. కాని విద్యుత్తుతో నడిచే బొమ్మరైలు ఇంజను దొరికితే ఒకసారి వెల్లకిలా తిప్పి చూడండి. చాలా ఇంజనులలో ఒకటి రెండు చక్రాలకు అంచు చుట్టూ సన్నని గాడి ఉంటుంది. ఆ గాడిలో నల్లని రబ్బరు పట్టీ ఉంటుంది. అదే టైరు. చూడటానికి దారంలాగా ఉంటుంది గాని, అది అరిగిపోయిన నాడు ఇంజను ఎంత కొత్తదైనా బండిని లాగలేదు.

మా పక్కింట్లో ఏడవ తరగతి చదివే కుర్రవాడున్నాడు. వాడి తాతగారు జర్మనీ నుంచి తెచ్చి ఇచ్చిన బొమ్మరైలు ఒకటి వాడి దగ్గర ఉంది. ఆ తాతగారు ఇప్పుడు లేరు. ఒకనాడు ఆ కుర్రవాడు ఇంజను పట్టుకుని మా ఇంటికి వచ్చి, "బండి కదలడం లేదు, మాస్టారూ! బజారులో చూపిస్తే మోటారు పోయిందన్నారు. అమ్మ అటక మీద పెట్టేయమంటోంది," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"చక్రాలు తిరుగుతున్నాయా?" అని అడిగాను.

"గిర్రున తిరుగుతున్నాయండీ."

"మోటారు పోతే చక్రాలెలా తిరుగుతాయిరా?"

వాడు ఆలోచనలో పడ్డాడు. పట్టాలు తెప్పించి మా వరండాలో పరిపించాను. పెట్టెలు తగిలించకుండా నడిపితే ఇంజను చక్కగా నడిచింది. నాలుగు పెట్టెలు తగిలించేసరికి చక్రాలు ఉన్నచోటనే తిరగసాగాయి. "ఇప్పుడు ఇంజను నెత్తిన వేలితో మెల్లగా అదుము," అన్నాను. అదిమాడో లేదో, రైలు కదిలింది!

చూశారా! వాడి వేలు మోటారుకు కొత్తగా బలమేమీ ఇవ్వలేదు. చక్రాన్ని పట్టాకు గట్టిగా ఆనించింది, అంతే. అంటే ఇంజనుకు బలం ఉంది, పట్టు పోయింది. తిప్పి చూస్తే ఒక చక్రం గాడి ఖాళీగా ఉంది. ఇంకో చక్రపు టైరు బీటలు వారి, గాజులాగా నున్నబడి ఉంది. గాలిలోని ఆక్సిజను, ఓజోను కాలక్రమాన రబ్బరును పెళుసుగా చేస్తాయి. నూనె తగిలితే అది ఉబ్బి వదులైపోతుంది.

బండి ముందుకు పోవాలంటే చక్రం పట్టాను వెనక్కు నెట్టాలి. అప్పుడు చక్రం జారకుండా ఆపేది ఘర్షణ. ఇంజను ఎంత బరువుంటే ఘర్షణ అంత ఎక్కువ. మన దేశంలో ప్రయాణికుల బళ్లను లాగే డబ్ల్యు.ఎ.పి.-7 అనే విద్యుత్ ఇంజను బరువు 123 టన్నులు. పట్టాలు తడిసి జారితే అంత పెద్ద ఇంజను కూడా చక్రాల ముందు ఇసుక చల్లుకుంటుంది. హెచ్.ఓ. అనే కొలతలో బొమ్మరైలు అసలు రైలులో 87వ వంతు ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87 రెట్లు తగ్గుతాయి కనుక, బరువు 87ను మూడుసార్లు వేసి గుణించినన్ని రెట్లు, అంటే 6,58,503 రెట్లు తగ్గాలి. ఆ లెక్కన 123 టన్నుల ఇంజను సుమారు 187 గ్రాములకు దిగుతుంది! అందుకే తయారుచేసేవారు లోపల లోహపు దిమ్మ పెట్టి బరువు పెంచుతారు. చక్రానికి రబ్బరు తొడిగి పట్టు పెంచుతారు.

ఈ లెక్క చెబుతుంటే మా కుర్రవాడు ఊరుకున్నాడా? "పెట్టెల బరువు కూడా అలాగే తగ్గింది కదండీ!" అన్నాడు. మంచి ప్రశ్న! కాని బొమ్మరైలు తిరిగే మలుపు చూడండి. 36 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల మలుపును 87 రెట్లు పెంచితే సుమారు 31 మీటర్లవుతుంది. మన బ్రాడ్‌గేజి రైలు మార్గాలలో 175 మీటర్లకు తక్కువ వ్యాసార్ధం ఉండకూడదని నియమం. అంత ఇరుకు మలుపులో పెట్టెల చక్రాలు పట్టాలను ఒరుసుకుంటూ ఇంజనును వెనక్కు లాగుతాయి. పైగా మీరు పట్టాల కింద పుస్తకాలు పెట్టి కొండలు కూడా కడతారాయె!

"అయితే అన్ని చక్రాలకూ రబ్బరు తొడిగేద్దాం!" అన్నాడు వాడు.

అలా చేస్తే రైలు అసలే నడవదు. మోటారుకు కావలసిన విద్యుత్తు పట్టాల నుంచి లోహపు చక్రాల ద్వారా లోపలికి వెళుతుంది. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. కొన్ని చక్రాలు పట్టు ఇవ్వాలి, మిగిలినవి విద్యుత్తు తేవాలి. అందుకే టైర్లు ఒకటి రెండు చక్రాలకే ఉంటాయి.

ఇంజనుతో వచ్చిన కాగితంలో టైరు నంబరు ఉంది. ఆ నంబరు రాసి తెప్పించాము. కొత్త టైరును గాడి పక్కన పెట్టి చూసి, "ఇది చిన్నది వచ్చిందండీ!" అన్నాడు కుర్రవాడు. చిన్నదిగానే ఉండాలి. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టీ వేయడం మీ తాతగార్లను అడగండి. కమ్మరి ఆ పట్టీని చక్రం కంటే రవ్వంత చిన్నదిగానే చేస్తాడు. మంటలో కాలిస్తే అది పెద్దదవుతుంది. చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే ముడుచుకుని బిగిసిపోతుంది. పాత రైలింజనుల ఉక్కు టైర్లను ఎక్కించిన పద్ధతి కూడా ఇదే. జర్మనీలో క్రుప్ అనే ఉక్కు కంపెనీ 1875లో పెట్టుకున్న మూడు వలయాల గుర్తు రైలు టైర్లదే. మన బొమ్మ టైరుకు మంటతో పని లేదు. రబ్బరు సాగి, తిరిగి ముడుచుకుంటుంది.

పని అంతా వాడి చేతనే చేయించాను. ముందు విద్యుత్తు ఆపి, నూనెబుడ్డిని దూరంగా పెట్టించాను. పాత టైరును పళ్లు కుట్టుకునే పుల్లతో తీశాడు. గాడిని స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. కొత్త టైరును ఒకవైపు గాడిలో ఆనించి, మిగతాది వేలితో కొద్దికొద్దిగా చుట్టూ ఎక్కించాడు. మెలి పడిందేమోనని చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. రెండో చక్రానికీ అలాగే తొడిగాడు. పాత రబ్బరు పట్టాలకు అంటించిన నల్లని మురికిని కూడా తుడిచాడు. మామూలు రబ్బరుబ్యాండు తొడిగితే సరిపోదా అంటారేమో! అది మందంగా ఉండి చక్రాన్ని పైకెత్తేస్తుంది. పక్క చక్రాలు పట్టాకు అందక విద్యుత్తు తెగిపోతుంది.

నాలుగు పెట్టెలతో రైలు మా వరండా మలుపు తిరిగింది. కుర్రవాడు అయిదో పెట్టె కోసం ఇంటికి పరుగెత్తాడు.

బొమ్మరైలు లేనివారు కూడా ఈ పట్టు సంగతి ఇంట్లోనే పరీక్షించవచ్చు. రెండు అగ్గిపెట్టెలను ఖాళీ చేసి, ఒక్కొక్కదానిలో ఒకే రకం నాణేలు మూడేసి పెట్టండి. ఒకదానికి మాత్రం రెండు చివరలా రబ్బరుబ్యాండ్లు తొడగండి. రెండింటినీ ఒక పాత చెక్క పలక మీద పక్కపక్కన ఉంచి, పలక ఒక చివరను మెల్లగా పైకెత్తండి. ఏది ముందు జారిందో, ఎంత ఎత్తున జారిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ తరువాత పలక మీద కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ చేసి చూడండి. నూనెబుడ్డిని ఎందుకు దూరంగా పెట్టించానో మీకే తెలుస్తుంది!