చిత్తకు నేరు కింద

నక్షత్రాల గురించి నేను మొదట చదివిన పుస్తకాలన్నీ యూరప్‌లోనో అమెరికాలోనో కూర్చుని రాసినవి. గోళాకార నక్షత్ర గుచ్ఛం అనగానే అవి హెర్క్యులిస్ మండలంలోని ఎం13 దగ్గరికి తీసుకెళ్ళేవి. 1714లో ఎడ్మండ్ హేలీ కంటపడింది, వాళ్ళ ఆకాశంలో దాన్ని మించినది లేదని చెప్పేవి. ఆ కీర్తిలో పారిస్, లండన్ నగరాల అక్షాంశానికి కూడా వాటా ఉందని నాకు తెలిసింది శ్రీకాకుళం సముద్రం ఒడ్డున.

మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. కళింగపట్నం ఇసుక మీద నిలబడి దక్షిణానికి తిరిగితే ఎదురుగా ఊరుండదు, కొండుండదు, నీళ్ళే. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. మరబోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి దూరాన మినుకుమనే దీపాలు కూడా తగ్గిపోతాయి. ఎం13ను మించిన గోళాకార గుచ్ఛం ఒమేగా సెంటారీ మనకు సాయంకాలాల్లో దొరికే కాలం సరిగ్గా అదే. లైట్‌హౌస్ వెలుగు కంట్లో పడనంత దూరం నడిచి, ఇసుకలో కూర్చుని, ఫోను తీయకుండా ఓ అరగంట ఉంటే కన్ను చీకటికి అలవాటు పడుతుంది.

వెతకడానికి చిత్త నక్షత్రం చాలు. మే నెల మధ్యలో రాత్రి పది కావస్తుండగా చిత్త దక్షిణాన బాగా ఎత్తుకు వస్తుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దిగాలి. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. అలా మూడున్నర పిడికిళ్ళు. దానికి కుడివైపున, ఇంకా కిందుగా త్రిశంకు కనబడుతుంది. చైత్ర పౌర్ణమికి మాత్రం వెళ్ళొద్దు, ఆ రాత్రి చంద్రుడు చిత్త దాపునే ఉంటాడు. అమావాస్య రోజులు చూసుకోవాలి. వేసవి తేమకు సముద్రం మీద ఆకాశం మసకబారుతుంది కనుక మొదటిసారి గుచ్చి గుచ్చి చూస్తే ఏమీ తోచదు. చూపు కాస్త పక్కకు నిలిపితే అంచు చూపుకు మసక చుక్కొకటి తగులుతుంది. మసక వెలుతురును పట్టడంలో కంటి నడిమి భాగం కంటే చుట్టూ ఉన్న భాగమే గట్టిది.

అక్కడ నాతో కబుర్లాడుతూ కూర్చున్న వేటగాడు ఒకాయనకి పది రెట్ల బైనాక్యులర్ ఇచ్చి చూడమన్నాను. చాలాసేపు దించలేదు. చివరికి, “ఇది సుక్క కాదు బాబూ, ముగ్గుపిండి సల్లినట్టుందేటి?” అన్నాడు. పెద్ద దూరదర్శిని లేకుండానే గుచ్ఛాన్ని గుచ్ఛంగా పట్టేశాడాయన. 1603లో నక్షత్ర పటాలు వేసిన బేయర్ దీన్ని ఒంటి నక్షత్రమనుకునే గ్రీకు అక్షరం తగిలించాడు.

ఇక లెక్క. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. ఒమేగా సెంటారీ ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 47.5 డిగ్రీల దూరంలో ఉంది. రెండూ కలిపి 90లోంచి తీసేస్తే 24 మిగులుతుంది. సముద్రపు గీత మీద అంత ఎత్తుకు వస్తుందన్నమాట. ఇదే లెక్క పారిస్‌కు వేసి చూడండి: అది దిగంతానికి ఆరు డిగ్రీల కిందే ఉండిపోతుంది. అక్కడి నుంచి ఆకాశాన్ని జల్లెడ పట్టిన మెసియే జాబితాలో ఇది లేకపోవడానికి కారణం అదే. హేలీ 1677లో దీన్ని గమనించాడంటే, ఓడెక్కి భూమధ్యరేఖ దాటి సెయింట్ హెలీనా దీవికి వెళ్ళబట్టి. ఎం13 కంటే ఐదు రెట్లకు పైగా కాంతిమంతమైన గుచ్ఛం మనకు డాబా మీద నుంచి అందుతుంది. ఎం13 కూడా అందుతుంది, ఉత్తరాన చాలా ఎత్తులో. ఈ రెండూ చూడగలిగే చోట పుట్టి ఒకదాని పేరే వింటూ పెరిగాం.

చదువులో మనకు అందే ‘గొప్పవాటి’ జాబితాలన్నిటినీ ఇప్పుడు ఈ ప్రశ్నతోనే చూస్తున్నాను: రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఇక్కడ నిలబడి చూసినవాళ్ళు మనకూ ఉన్నారు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఆ వేధశాల వెలిసిన డాబాగార్డెన్స్‌లో రోజూ తిరిగే ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మన పిల్లలకు పాఠంగా చెప్పాల్సిన పేర్లివి.

మళ్ళీ ఒమేగా సెంటారీ దగ్గరికి వస్తే, ఆ మసక చుక్కలో సుమారు కోటి నక్షత్రాలున్నాయి. దూరం దాదాపు 17,000 కాంతి సంవత్సరాలు. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం నాలుగు కాంతి సంవత్సరాల పైమాటే. అక్కడ నడిబొడ్డున నక్షత్రానికీ నక్షత్రానికీ ఎడం అందులో పదో వంతు కూడా ఉండదు. పెద్దలు పిల్లలకోడి అని పిలుచుకున్న కృత్తికల గుంపు దాని ముందు నిన్న మొన్నటిది. ఒమేగా సెంటారీలోనివి 1,200 కోట్ల ఏళ్ళ నాటి నక్షత్రాలు. ఒకప్పటి చిన్న గెలాక్సీని మన పాలపుంత మింగగా మిగిలిన నడిమి ముద్ద ఇదేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. హబుల్ ఇరవై ఏళ్ళ పాటు తీసిన చిత్రాలను పోల్చి, 2024లో దాని మధ్యన మితిమీరిన వేగంతో కదిలే ఏడు నక్షత్రాలను గుర్తించారు. వాటిని పట్టి ఉంచాలంటే అక్కడ కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండాలంటున్నారు.

విజయనగరం వాళ్ళకు పట్నంలోంచి దక్షిణాన విశాఖ దీపాల వెలుగు అడ్డొస్తుంది. పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరానికి వెళితే ఆ వెలుగు నైరుతికి తప్పుకుంటుంది, దక్షిణం ఖాళీ. వెళ్ళేవాళ్ళు జూన్ మొదటి వారం దాటనివ్వకండి. ఆ తర్వాత మబ్బులు మొదలవుతాయి.