పసితనపు జబ్బు... మెదడులో మిగులుతుందా?

'పసిబిడ్డకు ఏం గుర్తుంటాదిలే!'

మా బేతంచెర్లలో తరచూ వినిపించే ఓదార్పు మాట ఇది. మా చిన్నాయన కూతురి బిడ్డకు పుట్టిన ఎనిమిదో రోజున బొడ్డు దగ్గర చీము పట్టింది. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకింది. కర్నూలులో పది రోజులు బాక్సులో పెట్టి సూదులు పొడుస్తుంటే మా జేజి కూడా ఆ మాటే అనింది.

వాడిప్పుడు రెండో తరగతి. పాలిష్ ఫ్యాక్టరీ ముందు పేర్చిన బండలెక్కి దూకుతుంటాడు. అయినా వాళ్లమ్మ దిగులు తీరలేదు. 'అన్నా, నువ్వు పేపర్లో పనిచేస్తావు గదా... ఆ జబ్బు వాని మెదడులో ఏమన్నా మిగిలి ఉంటాదా?' అని అడుగుతుంది.

మెదడుకు సొంత కాపలా కణాలున్నాయి. పేరు మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్టేగా వీటికి ఆ పేరు పెట్టాడు. తల్లి కడుపులో ఉండగానే ఇవి బిడ్డ మెదడులో చేరి కాపురం పెడతాయి. క్రిముల్ని మింగడమే కాదు, తోటమాలిలా అక్కర్లేని నరాల అతుకుల్ని కత్తిరించడమూ వీటి పనే. ఆ పని జోరుమీదున్నప్పుడే ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ రేగితే?

అమెరికాలో స్టాసీ బిల్బో బృందం నాలుగు రోజుల ఎలుక పిల్లలకు ఈ-కోలై బ్యాక్టీరియా ఎక్కించింది. అవి కోలుకుని మామూలుగానే పెరిగాయి. పెద్దయ్యాక వాటి రోగనిరోధక శక్తిని మరోసారి రెచ్చగొడితే మాత్రం, కొత్తగా నేర్చుకున్నది మరచిపోయాయి. 2005లో వెలువడిన ఫలితమిది. చిన్నప్పుడు బెదిరిన కాపలా కణాలు తర్వాత చిన్న అలికిడికే అతిగా ఉలిక్కిపడతాయన్నమాట.

అయితే ఎలుకలు వేరు, మన పిల్లలు వేరు. బాగా తక్కువ బరువుతో పుట్టి ఇన్‌ఫెక్షన్ సోకిన పిల్లల్లో ఎదుగుదల సమస్యలు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నా, చక్కగా ఎదిగేవాళ్లూ ఎందరో. అందుకే మా చెల్లెలికి చెప్పాను... 'భయం వద్దు. వాని చూపు, వినికిడి, మాట, చదువు గమనించుకో. తేడా అనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించు' అని.

మిగతా తల్లులకూ ఒక మాట. బొడ్డుకు బూడిద, నూనె రాయకండి. శుభ్రంగా, పొడిగా ఉంచండి. తక్కువ బరువు పిల్లల్ని పుట్టగానే తల్లి గుండెకు హత్తుకుని ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయని మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో తేల్చింది. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువగా ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.