ఆరోగ్యవరం మీదుగా రాయవేలూరికి

మా కదిరి ప్రాంతంలో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే, ఊరి పెద్దలు చివరకు చెప్పే మాట ఒకటే: "రాయవేలూరికి తీసుకుపోండి." చెనక్కాయల పంట అమ్మిన డబ్బు నడుముకు కట్టుకొని, దుప్పటీ, చెంబు సర్దుకొని, అలా బయలుదేరిన కుటుంబాలు మా సంఘంలోనే ఎన్నో ఉన్నాయి. నేను కూడా రెండుసార్లు అలాగే వెళ్లాను. గత జనవరిలో మాత్రం జబ్బు లేకుండా వెళ్లాను. నాతో పద్నాలుగు మంది యౌవనస్థులు ఉన్నారు. అందరూ డిగ్రీ చివరి సంవత్సరం వారే.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. డిసెంబరులో యౌవనస్థుల కూడికలో "డిగ్రీ తరువాత ఏమిటి?" అని అడిగితే సగం మంది తలలు వంచుకున్నారు. ఒక అమ్మాయి నీట్ పరీక్ష రెండుసార్లు రాసి, సీటు రాక బి.ఎస్సీ.లో చేరింది. "ఆసుపత్రిలో పని చెయ్యాలని చిన్నప్పటినుండి ఆశ సార్. ఇంక ఆ తలుపు మూసుకున్నట్లే" అన్నది. డాక్టరు, నర్సు, ల్యాబు టెక్నీషియను తప్ప ఆసుపత్రిలో వేరే పని ఉంటుందని ఆ పిల్లకు తోచలేదు. మనలో చాలామందికీ తోచదు. అందుకే పాస్టరు అయ్యగారితో మాట్లాడి, రెండు ఆసుపత్రులకు ముందుగా ఉత్తరాలు రాసి, అనుమతి తీసుకొని, ఒక వ్యాను మాట్లాడుకున్నాము.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాము. తనకల్లు, ములకలచెరువు దాటేసరికి చలి ఎముకలు కొరుకుతున్నది. అంగళ్లు దగ్గర టమోటా లారీలు వరుసకట్టి కనబడ్డాయి. హార్స్‌లీ కొండల మీద మంచు ఇంకా విడలేదు. మదనపల్లె చేరి ఇడ్లీలు తిని, కొద్ది దూరంలోనే ఉన్న ఆరోగ్యవరానికి వెళ్లాము.

ఆరోగ్యవరం పేరు వినని పెద్దలు రాయలసీమలో ఉండరు. క్షయకు మందు లేని కాలంలో, 1915లో, అనేక మిషనులు కలిసి ఇక్కడ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రీమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. ఆనాడు చికిత్స అంటే పొడిగాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి. రోగులు నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి ఉండేవారు. గాలి ధారాళంగా ఆడేటట్లు కట్టిన ఆ పాత కట్టడాలనూ, చెట్ల నీడనూ చూస్తే, కట్టడం కూడా వైద్యంలో భాగమేనని తెలుస్తుంది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి చోట్లలో మదనపల్లె ఒకటి.

మా పిల్లలు ఫోటోలు తీసుకుంటుండగా నేను వాళ్లను ఆపి ఒక ప్రశ్న వేశాను. "ఇన్ని మంచాలు వేసి నడుపుతున్న ఆసుపత్రికి ఒకనాడు రోగులు రావడం తగ్గిపోతే ఏం చేస్తారు?" ఎవరూ జవాబు చెప్పలేదు. నిజంగా జరిగింది అదే. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. తరువాత మరికొన్ని మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. ఇంట్లో ఉండి క్రమంగా మందులు వాడిన క్షయరోగి కూడా శానిటోరియంలో ఉన్న రోగితో సమానంగానే బాగుపడుతున్నాడని 1959లో ఫలితం వెలువడింది. లోకమంతటా శానిటోరియాల అవసరం తీరిపోయింది. ఎన్నో మూతబడ్డాయి. రోగులకు అది శుభవార్త, ఆసుపత్రి నడిపేవారికి మాత్రం పెద్ద పరీక్ష. ఆరోగ్యవరం మూతబడలేదు. సాధారణ జబ్బులన్నిటికీ తలుపు తెరిచి మెడికల్ సెంటరుగా మారింది. నర్సులకు శిక్షణ ఇచ్చింది. ఏ విభాగం తెరవాలి, ఉన్న మనుషులకు ఏ కొత్త పని నేర్పాలి, డబ్బు ఎక్కడనుండి తేవాలి అని కూర్చొని లెక్కలు వేసినవారు ఎవరో ఉండి ఉండాలి కదా? ఆ పనినే ఈనాడు హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అంటున్నాము.

మధ్యాహ్నం ఒక గంటసేపు మందుల స్టోరు చూశాము. పిల్లలకు విసుగు పుడుతుందేమో అనుకున్నాను గాని, అక్కడే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. మందులను ప్రాణావసరమైనవి, అవసరమైనవి, ఉంటే మంచివి అని మూడు తెగలుగా విడదీసుకుంటారు. మొదటి తెగలోనిది ఒక్క దినమైనా లేకుండా ఉండకూడదు. గడువు ముందు తీరేదాన్ని ముందు వాడాలి. వినడానికి ఇది మన ఇంటి కొట్టుగదిలో బియ్యం మూటలు సర్దినట్లే ఉన్నది. నాకు మాత్రం అక్కడ నిలబడటం కష్టమైంది.

1987లో మా అక్క కాన్పుకు ఒక పట్టణంలోని ఆసుపత్రిలో చేరింది. రక్తస్రావం మొదలైంది. డాక్టరమ్మ ఉన్నారు. కావలసిన మందు స్టోరులో ఉన్నది. తాళంచెవి మాత్రం లేదు. స్టోరు చూసే ఉద్యోగి భోజనానికి ఇంటికి వెళ్లాడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఎవరికీ తెలియదు. మా నాయన సైకిలు మీద ఆ ఇల్లు వెదుక్కుంటూ వెళ్లి తాళంచెవి తెచ్చేసరికి గంటన్నర దాటింది. అక్క బ్రతికింది. బిడ్డ దక్కలేదు. ముందే మందు పడితే దక్కేదని నేను చెప్పలేను. ఆ డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయారు. చాలా ఏండ్లు ఆ స్టోరు ఉద్యోగినే తిట్టుకున్నాను. మనిషి అన్నాక అన్నానికి వెళ్తాడు. రెండో తాళంచెవి సంగతి ఆలోచించవలసిన కుర్చీ ఒకటి ఆ ఆసుపత్రిలో ఖాళీగా ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ సంగతి ఆ రాత్రి బసలో పిల్లలకు చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక కుర్రవాడు, "సార్, మంచి సమరయుడి కథలో పూటకూళ్లవాడి సంగతి ఎవరూ ప్రసంగించరు. రెండు దేనారాలు తీసుకొని మిగిలిన రోజులు చూసుకున్నది ఆయనే కదా" అన్నాడు. నలభై ఏండ్లుగా ఆ కథ వింటున్నాను, నాకెన్నడూ తట్టలేదు.

మరునాడు పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరాము. క్రిస్టియన్‌పేట దగ్గర తమిళనాడు మొదలవుతుంది. కాట్పాడి దాటి పాలారు వంతెన మీదికి వచ్చేసరికి కింద నీళ్లకంటె ఇసుకే ఎక్కువ కనబడింది. మరికొంత దూరం పోతే సి.ఎం.సి. ఆసుపత్రి.

ఐడా స్కడ్డర్ కథ మన సండేస్కూలు పిల్లలందరికీ తెలిసినదే. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి తలుపు తట్టడం, మగ డాక్టరును పిలుచుకుపోవడానికి ఒప్పుకోక ముగ్గురు స్త్రీలూ కాన్పు కష్టంతో చనిపోవడం మళ్లీ చెప్పను. ఆ కథలో మనం ఎప్పుడూ దాటిపోయే భాగం ఒకటి ఉన్నది. ఆమె డాక్టరు చదువు ముగించి 1900లో తిరిగి వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రాలేదు. న్యూయార్కులో షెల్ అనే బ్యాంకరును ఒప్పించి, ఆయన భార్య పేరున ఆసుపత్రి కట్టడానికి పదివేల డాలర్లు తెచ్చింది. ఒక్క మంచంతో మొదలుపెట్టి, 1902లో నలభై మంచాల షెల్ ఆసుపత్రి తెరిచింది. 1909 నుండి పల్లెదారుల వెంట చెట్ల కింద వైద్యం చేసింది. నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించింది. ఒక్కరే అందరికీ వైద్యం చేయలేరని తెలిసి, పని పంచే ఏర్పాటు చేసినందుకే ఆ ఒక్క మంచం ఇంత పెద్ద సంస్థ అయినది.

ఉదయాన్నే ఆ వీధిలో నిలబడి చూడండి. తమిళం, తెలుగు, బెంగాలీ, హిందీ అన్నీ ఒకేసారి వినబడతాయి. ఎదురు సందుల్లో లాడ్జీల బోర్డులు, చేపల కూర వండే బెంగాలీ హోటళ్లు. పిల్లలను ఇద్దరిద్దరుగా విడదీసి, "రెండు గంటలు ఎవరినీ ఏమీ అడగకుండా, రోగి వెళ్లే దారిని మాత్రం చూడండి" అని చెప్పాను. కొత్త రోగి పేరు నమోదు చేయించుకొని ఒక నంబరు తీసుకుంటాడు. మరి పదేండ్ల తరువాత వచ్చినా ఆ నంబరుతోనే అతని పాత చీటీలు, పరీక్షలు, ఆపరేషను వివరాలు తీయవచ్చు. నా పాత నంబరు కాగితం నేను జేబులో తీసుకుపోయాను. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు.

నీట్ రాసిన అమ్మాయిని ఒక ముసలాయన పట్టుకున్నాడు. చిత్తూరు పక్క పల్లెవాడు. "పాపా, ఈ కాగితం యాడ ఇయ్యాల? పొద్దున్నించి రెండు చోట్ల అడిగితిని" అన్నాడు. ఎవరితోనూ మాట్లాడవద్దన్న నా మాట పక్కనబెట్టి, ఆయనను కౌంటరు దాకా తీసుకుపోయింది. వచ్చి నాతో, "సార్, ఆయనకు జబ్బుకంటె ఈ తిరుగుడే భయంగా ఉన్నది" అని చెప్పింది. నేను కోప్పడలేదు.

తరువాత ఆసుపత్రి ఉద్యోగి ఒకరు దయతో అరగంట సమయమిచ్చి, బోర్డు మీద ఒక ఊహా లెక్క వేశారు. మూడు వందల మంచాలున్న ఆసుపత్రిలో ఒక్కొక్క రోగి సగటున ఆరు దినాలు ఉంటే, దినానికి యాభై మందిని చేర్చుకోవచ్చు. అయిదు దినాలకే పంపగలిగితే అరవై మందిని. ఒక్క ఇటుక పేర్చకుండానే రోజుకు పదిమందికి చోటు దొరికింది. అయితే తొందరపెట్టి రోగిని పంపకూడదు. డాక్టరు పొద్దున ఇంటికి పొమ్మన్న మనిషి బిల్లు కోసం, మందుల కోసం, సంతకం కోసం సాయంత్రందాకా మంచం మీదనే కూర్చొని ఉంటాడే, ఆ ఆలస్యాన్ని తగ్గించాలి. బయట వరండాలో కూర్చున్న మరో రోగి ఆ మంచం కోసమే ఎదురు చూస్తుంటాడు. మా కామర్సు పిల్లలు గబగబ నోటుబుక్కులు తీశారు. తమ చదువుకు ఇక్కడ పని ఉన్నదని వాళ్లకు అప్పుడు నమ్మకం కలిగింది.

డబ్బు లేనివారి సంగతి కూడా అడిగారు. ఇక్కడ బీద రోగులకు దాతల నిధి ఉన్నది, ఊరి బీదల కోసం తక్కువ ఖర్చుతో నడిచే విభాగం వేరే ఉన్నది. ఎవరికి ఎంత తగ్గించాలో కుటుంబ పరిస్థితి విచారించి చూసేవారు సోషల్ వర్కర్లు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనది. ప్రభుత్వాలతో పేరు మారుతూ వచ్చినా పథకం నడుస్తున్నది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. వీటన్నిటికీ కాగితాలు సరిగా పంపేవారు లేకపోతే, కార్డు ఉన్న బీదవాడు కూడా చేతినుండి పెట్టుకోవలసి వస్తుంది. చెత్తబుట్టల రంగుల గురించి ఒకరు అడిగితే, 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం ఏవేవి ఎందుకో చెప్పారు. సూదులు తెల్లదానిలోనే పడాలి, లేకపోతే ఊడ్చే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. ఆ మాట దగ్గర ఒక పిల్ల ముఖం మారింది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఊడ్చే పనిలోనే ఉన్నది.

తలిదండ్రుల కోసం కొన్ని సంగతులు రాయాలి. ఈ చదువుకు నీట్ అవసరం లేదు. హాస్పిటల్ మేనేజ్‌మెంటులో పి.జి. కోర్సులకు చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలును. హైదరాబాదులో నిమ్స్‌లోనూ, అపోలో వారి సంస్థలోనూ ఈ చదువు ఉన్నది. ఇంటరు తరువాత చేరే డిగ్రీ కోర్సులూ వచ్చాయి. అయితే గోడలమీద "నూటికి నూరు ఉద్యోగం" అని రాసే కాలేజీలను నమ్మవద్దు. మీకు సొంత ఆసుపత్రి ఉన్నదా, పిల్లలను ఎన్ని నెలలు ఆసుపత్రిలో పని చేయిస్తారు అని అడగండి. ఆ రెంటికీ సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. ఇంకొక మాట. మొదట్లో జీతం తక్కువ, పండుగనాడు కూడా డ్యూటీ ఉంటుంది, రోగి బంధువుల తిట్లు మొదట తినేది కూడా ఈ ఉద్యోగే. ఇది దాచిపెట్టి పిల్లలను పంపడం న్యాయం కాదు.

తిరుగుప్రయాణంలో చిత్తూరులో టీ తాగి వ్యాను ఎక్కగానే సగం మంది నిద్రపోయారు. పద్నాలుగు మందిలో నలుగురు ఈ చదువు చదువుతామన్నారు. ఇద్దరు తమకు సరిపడదని స్పష్టంగా చెప్పారు. అదీ లాభమే, ఫీజు కట్టకముందే తెలిసింది. మిగిలినవారు ఆలోచిస్తామన్నారు.

వారం తరువాత ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే ఆ నీట్ అమ్మాయి తండ్రి నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. రెండెకరాల మెట్ట రైతు. "అయ్యవారూ, మా పాప ఆసుపత్రిలో ఆఫీసరు చదువు అంటా ఉంది. సూది పట్టుకోకుండా ఆసుపత్రిలో ఏం పని?" అన్నాడు. నేను మా అక్క సంగతి, తాళంచెవి సంగతి చెప్పాను. జీతం సంగతి కూడా దాచలేదు. ఆయన చాలాసేపు కండువా అంచు మడతపెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు.

"అప్లికేషనుకు ఆఖరు తేదీ ఎప్పుడు?" అని అడిగాడు.